తెరమీద గ్రాఫు, కాగితం మీద చీమలబారు

మొన్న వేసవిలో ఒక సాయంత్రమంతా విశాఖ మద్దిలపాలెంలో ఒక జిరాక్స్ షాపు ముందు నిలబడాల్సి వచ్చింది. మా పక్కింటి అమ్మాయి సముద్రశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. థీసిస్ డ్రాఫ్టు ప్రింటు తీయించడానికి వెళ్తూ, "గ్రాఫులు ఒకసారి మీరూ చూడండి మాస్టారూ" అని నన్ను తోడు తీసుకెళ్లింది. షాపతను మొదటి పది పేజీలు తీసి, ఒక కాగితాన్ని ట్యూబులైటు కిందకి ఎత్తి పట్టుకున్నాడు. "ఇవేటమ్మా, చీమలబారులాగున్నాయి? ఇలాగే వేసీమంటారా?"

అతను చూపించింది అక్షాల మీది అంకెల్ని. అవే అంకెలు ఆమె ల్యాప్‌టాప్‌లో బఠాణీ గింజలంత కనిపిస్తున్నాయి. పేజీలు తిరగేస్తే ఇంకా చాలా బయటపడ్డాయి. రెండో అధ్యాయంలో భీమిలి దగ్గరి ఉష్ణోగ్రత నీలం గీత. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి అదే భీమిలి నారింజ రంగుకి మారింది. ఒక గ్రాఫులో అక్షరాలు లావు, దాని పక్కదాంట్లో సన్నం. పక్కపక్కన పెట్టిన రెండు గ్రాఫుల అడుగుగీతలు ఒకే వరసలో లేవు, ఒకటి కొంచెం కిందికి జారి ఉంది.

"కోడ్ ఒక్కటే మాస్టారూ, మొదటి నోట్‌బుక్ నుంచి కాపీ చేసుకుంటూ వచ్చాను" అంది. నోట్‌బుక్ అంటే ఇక్కడ కాగితాల పుస్తకం కాదు, కోడ్‌ని సెల్ అనే ముక్కలుగా రాసి నడిపి, ఫలితాన్ని దాని కిందే చూసుకునే కంప్యూటర్ ఫైలు. చిక్కులో సగం ఆ కాపీలోనే ఉంది. మిగతా సగం నోట్‌బుక్ మనకి చెప్పకుండా చేసే పనుల్లో ఉంది. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే చాలామందికి ఇది పెద్ద తలనొప్పి. ఫాంటు పెంచుతారు, డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె) పెంచుతారు, ఇంకేదో తగ్గిస్తారు, చివరికి ఏది ఎందుకు మారిందో తెలియక వదిలేస్తారు.

ముందు అంగుళాల సంగతి చూద్దాం.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫులంటే ఎక్కువమందికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీయే. దాన్ని మొదలుపెట్టిన జాన్ హంటర్ నాడీశాస్త్ర పరిశోధకుడు. మూర్ఛరోగుల మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాల్ని చూసుకోవడానికి రాసుకున్న పనిముట్టు అది, 2003లో బయటికి వచ్చింది. అప్పటికి ఇప్పుడు మనం వాడే నోట్‌బుక్‌లు లేవు. ఐపైథాన్ నోట్‌బుక్ 2011లో వచ్చింది, 2014లో జూపిటర్ అయింది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ కొలతలన్నీ కాగితానివే. బొమ్మ సైజు అంగుళాల్లో, ఫాంటు ఎత్తూ గీత మందమూ పాయింట్లలో. అంగుళానికి 72 పాయింట్లు, అచ్చాఫీసుల్లో లాగే. నోట్‌బుక్‌కి మాత్రం తెర తప్ప కాగితం అనేది ఒకటుందని తెలియదు.

మనమేమీ చెప్పకపోతే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తున్న బొమ్మ గీస్తుంది. ఫాంటు 10 పాయింట్లు. అంగుళానికి 100 చుక్కలు, అంటే మొత్తం 640 బై 480 పిక్సెళ్లు. నేటి తెరలకి అది చిన్న బొమ్మే. అందుకని ఆ అమ్మాయి అందరూ చేసే పనే చేసింది. ఫిగ్‌సైజ్‌ని, అంటే బొమ్మ సైజుని, 10 బై 7 అంగుళాలు చేసింది. బొమ్మ పెద్దదయ్యాక అంకెలు చిన్నగా అనిపించి ఫాంటు 12 చేసింది. తెరమీద ముచ్చటగా ఉంది.

ఇప్పుడు కాగితం లెక్క. ఏ4 వెడల్పు 8.27 అంగుళాలు. బైండింగ్ వైపు ఒకటిన్నర అంగుళం, ఇటువైపు ఒక అంగుళం వదిలితే మిగిలేది 5.77. అందులో రెండు గ్రాఫులు పక్కపక్కన పెడితే, మధ్య సందు పోను, ఒక్కోదానికి 2.8 అంగుళాలు. పది అంగుళాల బొమ్మని 2.8కి కుదిస్తే దాంతోపాటు అక్షరాలూ కుదించుకుపోతాయి. 12 పాయింట్ల ఫాంటు 3.4 పాయింట్లయింది. షాపతని చీమలబారు అదే. చిన్న అక్షరాలకి పేరుపడ్డ నేచర్ పత్రిక కూడా బొమ్మల్లో 5 నుంచి 7 పాయింట్లు ఉండమంటుంది.

కాబట్టి గీయడం మొదలుపెట్టకముందే తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ బొమ్మ చివరికి కాగితం మీద ఎన్ని అంగుళాల్లో కూర్చుంటుంది? ఆ అంకెనే ఫిగ్‌సైజ్‌గా ఇవ్వాలి. ఐఈఈఈ పత్రికల్లో ఒక కాలమ్ 3.5 అంగుళాలు, రెండు కాలమ్‌లు కలిపితే 7.16. నేచర్‌లో 89 మిల్లీమీటర్లు, 183 మిల్లీమీటర్లు. ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ పత్రికల్లో 90, 140, 190 మిల్లీమీటర్లు. అంగుళాల్లోకి మార్చడానికి మిల్లీమీటర్లని 25.4తో భాగించడమే. ఆ వెడల్పులోనే గీసి, ఫాంటు 8 పాయింట్లు అని రాస్తే కాగితం మీద నిజంగానే 8 పాయింట్లు వస్తుంది. పేపర్లో పెట్టేటప్పుడు సాగదీయకూడదు, కుదించకూడదు, అంతే షరతు.

అక్కడ ఆమె ఆగి అడిగింది, "మరి 2.8 అంగుళాల్లో గీస్తే నోట్‌బుక్‌లో తపాలా బిళ్లంత కనబడుతుంది కదా?" నిజమే. దానికి మందు ఫిగ్‌సైజ్ కాదు, డీపీఐ. ఫిగర్ డీపీఐని 200కో 250కో పెంచితే తెరమీద బొమ్మంతా, అక్షరాలతో సహా, ఒకే పాళ్లలో పెరుగుతుంది. డీపీఐ పెంచడమంటే బొమ్మ మీద భూతద్దం పెట్టడం. ఫిగ్‌సైజ్ పెంచడమంటే కాగితాన్నే మార్చేయడం. పెద్దగా చూడాలని కాగితాన్ని మార్చేస్తున్నాం, గొడవంతా అదే. తెరమీద గీతలు మసకగా ఉన్నాయనిపిస్తే, నోట్‌బుక్‌లో బొమ్మని చూపించే ఇన్‌లైన్ బ్యాకెండ్ అనే భాగంలో రెటినా ఫార్మాట్ పెట్టుకోవచ్చు. రెట్టింపు పిక్సెళ్లతో గీసి అదే సైజులో చూపిస్తుంది.

ఇక్కడే ఇంకో మూఢనమ్మకం ఉంది. గ్రాఫు బాగాలేదని ఎవరైనా అంటే "డీపీఐ 300 పెట్టు, 600 పెట్టు" అంటారు. పత్రికలు కనీసం 300 అడిగే మాట నిజమే, గీతల బొమ్మలకి ఎల్సెవియర్ 1000 దాకా అడుగుతుంది. కానీ 600 పెట్టినా చీమలు చీమలే. కాకపోతే కాళ్లు కూడా స్పష్టంగా కనబడే చీమలు. పైగా పీడీఎఫ్‌గానో ఎస్‌వీజీగానో సేవ్ చేస్తే గీతలూ అక్షరాలూ ఆకారాలుగానే ఉంటాయి, వాటికి డీపీఐతో పనే లేదు. అన్నిటికంటే ఘోరం, నోట్‌బుక్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ కొట్టి సేవ్ చేసుకుని, దాన్ని వాట్సాప్‌లో గైడ్‌కి పంపి, మళ్లీ అక్కణ్ణుంచి దించుకుని థీసిస్‌లో పెట్టడం. నవ్వకండి, మన ఊళ్లో సగం థీసిస్‌లు ఇలాగే తయారవుతాయని నా అనుమానం.

ఇక నోట్‌బుక్ చాటుగా చేసే పని. జూపిటర్ బొమ్మని చూపించేటప్పుడు చుట్టూ ఉన్న తెల్లటి ఖాళీని కత్తిరించి, అవసరమైతే బయటికి పోయిన అక్షరాలకి చోటిచ్చి, ఒక అంగుళంలో పదోవంతు అంచు వదిలి చూపిస్తుంది. దీన్నే టైట్ అంటారు. చూడటానికి హాయిగా ఉంటుంది. చాలామంది సేవ్ చేసేటప్పుడు కూడా బీబాక్స్ ఇంచెస్ అనే సెట్టింగ్ దగ్గర టైట్ అనే రాస్తారు, లేబుళ్లు తెగిపోకుండా. ఫలితం ఏమిటంటే మీరు 3.5 అంగుళాలు అడిగితే ఒక బొమ్మ 3.3 వస్తుంది, వై అక్షం మీద పొడుగు లేబుల్ ఉన్న ఇంకో బొమ్మ 3.7 వస్తుంది. రెండిటినీ కాలమ్ వెడల్పుకి సరిపెట్టగానే ఒకటి సాగుతుంది, ఇంకోటి ముడుచుకుంటుంది. ఒకే కోడ్, ఒకే 8 పాయింట్లు, అయినా అక్షరాలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. అడుగుగీతలు వరస తప్పడానికి కారణం కూడా ఇదే. ఆమె థీసిస్‌లో నాకు అంతుపట్టనిది ఈ ఒక్కటే, ఇంటికొచ్చి ఫైళ్ల కొలతలు చూసేదాకా తట్టలేదు.

దీనికి విరుగుడు రెండు మాటలు. బొమ్మ తయారుచేసేటప్పుడే లేఅవుట్‌ని కన్‌స్ట్రెయిన్డ్ అనండి. అప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్ లేబుళ్లకి, ఏ రంగు ఎంత విలువో చూపించే రంగుపట్టీకి చోటు లెక్కేసుకుని, మీరిచ్చిన అంగుళాల లోపలే అన్నీ సర్దుతుంది. తర్వాత టైట్ తీసేయండి, సేవ్ చేసేచోటా, నోట్‌బుక్ చూపించేచోటా. ఇన్‌లైన్ బ్యాకెండ్‌లో ప్రింట్ ఫిగర్ క్వార్గ్స్ అనే సెట్టింగ్ ఉంటుంది, అందులో బీబాక్స్ ఇంచెస్‌ని నన్ చేస్తే చాలు. అప్పుడు తెరమీద కనబడేదీ ఫైల్లో ఉండేదీ ఒకటే.

నోట్‌బుక్ ఇంకో దొంగదెబ్బ కూడా తీస్తుంది. ఒక సెల్‌లో గ్రాఫు గీసి, కింది సెల్‌లో పీఎల్‌టీ సేవ్‌ఫిగ్ అని రాస్తే తెల్ల కాగితం సేవ్ అవుతుంది. ప్రతి సెల్ అయిపోగానే ఇన్‌లైన్ బ్యాకెండ్ ఆ బొమ్మని మూసేస్తుంది మరి. మొదట్లోనే ఫిగ్ అనే పేరుతో బొమ్మని చేతిలో పట్టుకుని, ఫిగ్ డాట్ సేవ్‌ఫిగ్ అంటే ఆ బాధ ఉండదు.

ఇప్పుడు కాపీ చేసుకుంటూ వచ్చిన కోడ్ సంగతి. కంప్యూటర్లు రాకముందు ఇదే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రాన్ని కొలిచినవాళ్లున్నారు. 1950ల్లో అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ ఇక్కడివాళ్లతో కలిసి పనిచేసి, ఈ తీరంలో లోతునున్న నీళ్లు పైకి రావడం గురించి రాశాడు. బంగాళాఖాతం అడుగున ఉన్న లోయలకి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఆ కాలంలో పటాలు ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పెన్నుతో గీసేవారు. అక్షరాలకి స్టెన్సిల్. గీసేవాడి దగ్గర ఉన్నవి రెండు మూడు పెన్నులు, ఒక స్టెన్సిల్. అన్ని పటాలూ ఒకేలా ఉండక ఏం చేస్తాయి? మన దగ్గర లెక్కలేనన్ని ఫాంట్లు, కోట్ల రంగులు ఉన్నాయి. స్టెన్సిల్ మాత్రం లేదు.

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఆ స్టెన్సిల్ పేరు స్టైల్ ఫైలు. ఎంపీఎల్‌స్టైల్ అనే ఎక్స్‌టెన్షన్‌తో మామూలు టెక్స్ట్ ఫైలు, పదిహేను లైన్లు చాలు. ఫాంటు పేరు, సైజులు, గీతల మందం, బొమ్మ వెడల్పు, కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్, రంగుల వరస, సేవ్ డీపీఐ. ప్రతి నోట్‌బుక్ మొదటి సెల్‌లో స్టైల్ డాట్ యూజ్ అని ఈ ఫైలుని పిలవాలి. ఆ తర్వాత ఏ సెల్‌లోనూ ఫాంట్‌సైజ్ అనే మాట కనబడకూడదు. ఇది నా మొండి నియమం. సెల్‌లో ఒక్కచోట ఫాంట్‌సైజ్ 14 అని రాశారంటే ఆర్నెల్ల తర్వాత దాన్ని వెతుక్కోవాల్సింది మీరే.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ మీదే కట్టిన సీబార్న్ అనే లైబ్రరీ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. సెట్ థీమ్ అని పిలిస్తే అది మీ సెట్టింగుల మీద తన సెట్టింగులు రాసేస్తుంది. దాన్ని ముందు పిలిచి, మీ స్టైల్‌ని తర్వాత పిలవండి. అలాగే కోడ్‌ని వెనక నుంచి నడిపే కెర్నల్‌కి జ్ఞాపకశక్తి ఎక్కువ. పొద్దున ఏదో సరదాకి మార్చిన సెట్టింగ్, ఆ సెల్ తుడిచేసినా సాయంత్రం దాకా ఉంటుంది. ఒక్క గ్రాఫుకే వేరే రూపం కావాలంటే ఆర్‌సీ కాంటెక్స్ట్ లోపల గీయండి, బయటికి రాగానే పాతవి తిరిగొస్తాయి. చివరి బొమ్మలు సేవ్ చేసేముందు కెర్నల్ రీస్టార్ట్ చేసి, మొదటి సెల్ నుంచి అన్నీ నడపాలి.

ఫాంటు పేరు దగ్గర ఇంకో గోతి ఉంది. మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో ఏరియల్ ఉంటుంది. అదే నోట్‌బుక్ గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ నోట్‌బుక్ సేవ కొలాబ్‌లో నడిపితే అక్కడ ఏరియల్ ఉండదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఒక హెచ్చరిక రాసి, తనతో తెచ్చుకున్న డెజావూ సాన్స్ వేసేస్తుంది. ఆ హెచ్చరికని ఎవరూ చదవరు. సగం బొమ్మలు ఇంట్లో, సగం కొలాబ్‌లో చేస్తే ఫాంట్లు కలవకపోవడం ఇందుకే. ఎక్కడైనా దొరికే డెజావూతోనే సరిపెట్టుకోవడం ఒక దారి. ఫాంటు ఫైలుని ప్రాజెక్టు ఫోల్డర్‌లో పెట్టుకుని కోడ్‌తోనే చేర్చడం ఇంకో దారి.

రంగుల దగ్గర కొంచెం నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే గ్రాఫు అందవిహీనం అవడం కాదు, అబద్ధం చెబుతుంది.

ఆ థీసిస్‌లో బంగాళాఖాతం ఉపరితల ఉష్ణోగ్రత పటాలు రెండున్నాయి, మే నెలది, డిసెంబరుది. రెండూ పక్కపక్కనే. రెండిట్లోనూ ఉత్తరపు అంచున ముదురు నీలం, దక్షిణాన ఎరుపు. చూసినవాడు రెండు నెలల్లోనూ సముద్రం ఒకేలా ఉందనుకుంటాడు. నిజానికి రంగుపట్టీలు వేరు. కనిష్ఠం, గరిష్ఠం మనం చెప్పకపోతే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏ బొమ్మకాబొమ్మ దాని డేటా నుంచే తీసుకుంటుంది. మేలో నీలం అంటే ఒక ఉష్ణోగ్రత, డిసెంబరులో నీలం అంటే ఇంకోటి. పోల్చాల్సిన పటాలన్నిటికీ వీమిన్ (కనిష్ఠం), వీమ్యాక్స్ (గరిష్ఠం) ఒకటే ఇవ్వాలి, రంగుపట్టీ కూడా వీలైతే ఒకటే పెట్టాలి. భీమిలి రంగు మారిపోయిన గొడవా ఇలాంటిదే. మ్యాట్‌ప్లాట్‌లిబ్ రంగుల్ని వరసలో పంచిపెడుతుంది కాబట్టి, ఒక గ్రాఫులో ఒక స్టేషన్ తగ్గితే మిగతావాటి రంగులన్నీ ఒక మెట్టు జరుగుతాయి. ఏ తీరానికి ఏ రంగో ఒక డిక్షనరీలో రాసి, దాన్ని ఒక చిన్న పైథాన్ ఫైల్లో పెట్టి, అన్ని నోట్‌బుక్‌లూ అక్కణ్ణుంచే తెచ్చుకోవాలి. భీమిలి నీలమైతే థీసిస్ అట్ట నుంచి అట్ట దాకా నీలమే.

ఇంకా ఆ పటాలు జెట్ అనే రంగుల వరసలో ఉన్నాయి. నీలం నుంచి ఆకుపచ్చ, పసుపు మీదుగా ఎరుపు. చాలా ఏళ్లు మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ అడక్కుండానే వచ్చేది ఇదే. దాని లోపం ఏమిటంటే వెలుగు సమంగా పెరగదు. మధ్యలో పసుపు దగ్గర ఒక్కసారిగా వెలిగి, ఎరుపు దగ్గర మళ్లీ చీకటవుతుంది. ఉష్ణోగ్రత మెల్లగా మారే చోట కూడా గోడ కట్టినట్టు ఒక గీత కనబడుతుంది, ఆ గోడ సముద్రంలో లేదు. నమ్మకం కలగకపోతే ఆ పేజీని బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీయించండి. మేము తీయించాం. బాగా చల్లని నీళ్లూ బాగా వెచ్చని నీళ్లూ రెండూ ఒకే ముదురు బూడిద రంగులో వచ్చాయి.

2017లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 నుంచి జెట్ స్థానంలో విరిడిస్ వచ్చింది. ముదురు ఊదా నుంచి పసుపు దాకా వెలుగు ఒకే తీరుగా పెరుగుతుంది, జిరాక్స్ తీసినా చల్లన, వెచ్చన తేడా నిలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపున్నవాళ్లకీ పనికొస్తుంది. సముద్రం మీద పనిచేసేవాళ్లకైతే సీఎంఓషన్ అనే ప్యాకేజీ ఉంది, ఉష్ణోగ్రతకి థర్మల్, లవణీయతకి హేలైన్ అని విడివిడిగా. వర్షాకాలం తర్వాత గంగా, బ్రహ్మపుత్రల మంచినీళ్లు మన తీరం వెంబడి దక్షిణానికి జారడం హేలైన్‌లో చాలా చక్కగా కనబడుతుంది. గీతల గ్రాఫులకి ఒకాబే, ఇతో అనే జపాన్ శాస్త్రవేత్తలు కూర్చిన ఎనిమిది రంగులు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. అయినా రంగు మీదే పూర్తిగా ఆధారపడను. ఒక గీత నిండుగా, ఒకటి తునకలుగా, ఒకటి చుక్కలుగా వేస్తాను.

ఫైలు గురించి రెండు ముక్కలు. పీడీఎఫ్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా టైప్ 3 అనే రకం ఫాంట్లు పెడుతుంది. ఐఈఈఈ పీడీఎఫ్ తనిఖీలో అవి తిరిగొస్తాయి. పీడీఎఫ్ ఫాంట్‌టైప్ అనే సెట్టింగ్‌ని 42 చేస్తే సరి, స్టైల్ ఫైల్లోనే రాసేయండి. లక్ష చుక్కల స్కాటర్ గ్రాఫుని పీడీఎఫ్ చేస్తే ఫైలు తెరుచుకోవడానికే నిమిషం పడుతుంది. ఆ చుక్కల్ని మాత్రం రాస్టరైజ్డ్ అని చెప్పండి, అవి పిక్సెళ్లవుతాయి, అక్షరాలు ఆకారాలుగానే ఉంటాయి.

ఇంగ్లీషు థీసిస్‌కి ఇంతతో సరిపోతుంది. ఆ అమ్మాయి మాత్రం ఒక తెలుగు పత్రికకి వ్యాసం రాస్తూ, అక్షం మీద "ఉష్ణోగ్రత" అని పెట్టబోయింది. వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి, డెజావూలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు ఫాంటు చేరిస్తే డబ్బాలు పోయాయి, ఒత్తులు చెదిరాయి. ష కింద ణ చేరకుండా, మధ్యలో పొల్లుతో రెండూ విడివిడిగా నిలబడ్డాయి. అక్షరాల్ని ఒక్కొక్కటిగా పేర్చడమే తప్ప, మన లిపిలో లాగ వాటిని కలిపి కొత్త రూపం కట్టడం మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి ఎన్నో వెర్షన్ల పాటు రాలేదు. ఇక్కడ ఎస్‌వీజీ ఆదుకుంటుంది. ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌ని నన్ అని పెడితే అక్షరాల్ని గీతలుగా మార్చకుండా అక్షరాలుగానే ఫైల్లో రాస్తుంది. ఆ ఫైలుని బ్రౌజర్‌లోనో, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లోనో తెరిస్తే ఒత్తులు కట్టే పని అవి చేస్తాయి. ఇంక్‌స్కేప్ నుంచే పీడీఎఫ్ తీసుకోవచ్చు. కొంచెం చుట్టుదారే, కానీ "ఉష్ణోగ్రత" ఉష్ణోగ్రతలాగే ఉంటుంది.

పది రోజుల తర్వాత మళ్లీ అదే షాపు. ఈసారి స్కేలు పట్టుకెళ్లాను. రెండో అధ్యాయంలో మొదటి గ్రాఫు మీద పెట్టి కొలిచాం. 2.8 ఉండాల్సింది 2.7 ఉంది. పక్కది కూడా 2.7. ఆమె ముఖంలో టెన్షన్, "మళ్లీ ఎక్కడ పోయింది మాస్టారూ?" కోడ్ తెరిచాం, ఫైలు కొలతలు చూశాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. షాపతను మా వెనక నుంచి వంగి చూసి, మౌస్ అందుకుని ప్రింట్ సెట్టింగుల్లో ఫిట్ టు పేజ్ ముందున్న టిక్ తీసేశాడు.

"ఇది అందరికీ అలాగే వదిలేస్తామండి. ఎవరూ స్కేలెట్టి కొలవరు."